శాన్ ఆంటోనియో కొన్‌హుంతో సంగీతం, మా పాప నేర్చుకున్న అకార్డియన్

"ఈ మధ్యే శాన్ ఆంటోనియోకి మారాం. ఇక్కడి మెక్సికన్ వాళ్ళ పాత సంగీతాన్ని కాపాడే బృందాలు ఉన్నాయంటున్నారు. వాళ్ళు చేసేది ఏమిటి? మనలాంటి వాళ్ళని రానిస్తారా? తొమ్మిదేళ్ళ పాపకి అక్కడ ఏమైనా నేర్పించవచ్చా?" అని అడిగారు. ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. నేర్పించవచ్చండీ. మా పాప ఎనిమిదో ఏట మొదలుపెట్టి ఇప్పటికి ఐదేళ్ళుగా నేర్చుకుంటోంది. రానిస్తారా అన్నారు కదా, మేము వెళ్ళిన మొదటి రోజే కుర్చీ వేసి, కాఫీ చేతిలో పెట్టి, మీది ఏ ఊరు, మీ ఊళ్ళో ఏం వాయిస్తారు అని అడిగారు. నాకు స్పానిష్ అప్పటికి పది మాటలు కూడా రావు.

లాటిన్ మ్యూజిక్ అనగానే మనకి సల్సా గుర్తొస్తుంది. అది క్యూబా, ప్యూర్టో రికో, న్యూయార్క్ వైపుది. శాన్ ఆంటోనియోతో సహా దక్షిణ టెక్సస్ మట్టిలో పుట్టి పెరిగింది కొన్‌హుంతో. నాలుగు వాయిద్యాలు: తిత్తి తెరుస్తూ మూస్తూ వాయించే బటన్ల అకార్డియన్, బాహో సెస్తో అనే పన్నెండు తీగల గిటార్, బేస్, డ్రమ్స్. పంతొమ్మిదో శతాబ్దంలో టెక్సస్‌కి వలస వచ్చిన జర్మన్లు, చెక్‌లు అకార్డియన్‌నీ పోల్కా అనే డాన్సు సంగీతాన్నీ తెచ్చారు. సరిహద్దు దగ్గరి మెక్సికన్ కుటుంబాలు వాటిని తమ పాటలతో, బాహో సెస్తోతో కలిపి వేరే సంగీతం చేసుకున్నాయి. ఇప్పటికీ పాట మొదట్లో పోల్కా నడకే వినిపిస్తుంది, కానీ వింటే జర్మనీ గుర్తుకు రాదు.

ఈ సంగీతానికి తండ్రి అని అందరూ చెప్పుకునే మనిషి నార్సీసో మార్తీనెస్. 1936లో రికార్డులు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆయన చేసిన మార్పు వినడానికి చిన్నది. అకార్డియన్‌లో ఎడమచేతి వైపు ఉండే బేస్ బటన్లను దాదాపు వదిలేశాడు. ఆ పని బాహో సెస్తో వాయించే సాంటియాగో అల్మేదాకి అప్పగించి, తను కుడిచేతి స్వరాల మీదే దృష్టి పెట్టాడు. దానితో అకార్డియన్ తేలికై, చురుకై, స్వరాలు ముత్యాల్లా విడివిడిగా రాలడం మొదలైంది. తర్వాత వచ్చిన వాళ్ళందరూ ఆ దారిలోనే నడిచారు. అంతటి మనిషి బతుకుతెరువుకి లారీ నడిపాడు, పొలాల్లో కూలి చేశాడు, చివరికి బ్రౌన్స్‌విల్ జూలో జంతువులను చూసుకునే ఉద్యోగం చేశాడు. 1983లో ఆయనకి జాతీయ వారసత్వ ఫెలోషిప్ ఇచ్చారు, జానపద కళాకారులకి అమెరికా ఇచ్చే పెద్ద గౌరవం అది. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నాకు చాలాసేపు ఏమీ తోచలేదు.

కాపాడాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కూడా ఇందులోనే ఉంది. ఇది పత్తి ఏరే కూలీల సంగీతం, శనివారం రాత్రి డాన్సు హాళ్ళ సంగీతం. మా క్లాసులో ఒక పెద్దాయన తన చిన్నప్పటి మాట చెప్పారు. స్కూల్లో స్పానిష్ మాట్లాడితే శిక్ష వేసేవారట. ఇంట్లో కాస్త పైకి వచ్చిన చుట్టాలు ఇది తాగుబోతుల పాట అని ముఖం చిట్లించేవారట. బయటివాళ్ళు చిన్నచూపు చూసినా కళ బతుకుతుంది, సొంతవాళ్ళే సిగ్గుపడితే ఒక్క తరంలో పోతుంది. ఈ మాట నేను ఊరికే అనడం లేదు, కారణం కింద చెప్తాను.

ఇక బృందాల సంగతి. మొదట చెప్పాల్సింది వెస్ట్ సైడ్‌లోని గ్వాదలూపే కల్చరల్ ఆర్ట్స్ సెంటర్. 1982లో హువాన్ తెహేదా అనే సంగీతకారుడి చొరవతో వాళ్ళు తెహానో (అంటే టెక్సస్ మెక్సికన్) కొన్‌హుంతో ఫెస్టివల్ మొదలుపెట్టారు. మే నెలలో జరిగే ఈ పండుగకి రోజ్‌డేల్ పార్కు పేరు ముడిపడిపోయింది. అక్కడితో ఆగి ఉంటే అది ఏటేటా జరిగే ఒక జాతరగా మిగిలేది. వాళ్ళు చేసిన గొప్ప పని వేరే ఉంది. వలేరియో లొంగోరియాని పిలిచి పిల్లలకి పాఠాలు చెప్పించారు. ఎవరీయన అంటారా? కొన్‌హుంతోలోకి డ్రమ్స్‌ని, బొలేరో అనే నెమ్మదైన ప్రేమపాటలని తెచ్చిన వాళ్ళలో ముందువరసలో ఉన్న మనిషి. అంత పెద్ద విద్వాంసుడు ఏళ్ళ తరబడి వాడలో పిల్లల పక్కన కూర్చుని నేర్పించాడు. ఆయన 2000లో పోయారు, కానీ ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్ళు ఇప్పుడు నేర్పిస్తున్నారు.

కొన్‌హుంతో హెరిటేజ్ తాయేర్ అని ఇంకో సంస్థ ఉంది. తాయేర్ అంటే పనిశాల, మన కార్ఖానా లాంటి మాట. పేరుకి తగ్గట్టే అకార్డియన్, బాహో సెస్తో నేర్పడమే వాళ్ళ ముఖ్యమైన పని. దక్షిణాన శాన్ బెనీతోలో నార్సీసో పేరు మీద ఒక కళాకేంద్రం ఉంది, కొన్‌హుంతో మ్యూజియం కూడా ఉంది. కారులో దాదాపు నాలుగు గంటలు పడుతుంది. లాంగ్ వీకెండ్ దొరికితే వెళ్ళి రండి.

రికార్డులు దాచే పని కూడా పెద్దదే. ఆర్హూలీ రికార్డ్స్‌ని (పాటల రికార్డుల కంపెనీ) 1960లో స్థాపించిన క్రిస్ స్ట్రాక్‌విట్జ్ జర్మనీలో పుట్టినవాడు. ఈ సరిహద్దు సంగీతపు పాత ప్లేట్లు ఎక్కడ దొరికితే అక్కడ కొని దాచాడు. ఆ పాటలు లక్షకు పైగా ఇప్పుడు ఫ్రాంతెరా కలెక్షన్ పేరుతో యూసీఎల్ఏ యూనివర్సిటీ ద్వారా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. వాటిని డిజిటల్ చేయడానికి 2000లో లోస్ టిగ్రేస్ దెల్ నోర్తే బ్యాండ్ వాళ్ళ ఫౌండేషన్ 5 లక్షల డాలర్లు ఇచ్చింది. పాటలు పాడి సంపాదించిన డబ్బు పాత పాటలకే పెట్టారన్నమాట. అందులో లిడియా మెండోసా పాటలు వెతికి వినండి. శాన్ ఆంటోనియో సంతలో కుటుంబంతో కలిసి పాడుకుని బతికిన అమ్మాయి ఆవిడ. ఆమెకి పేరు తెచ్చిన 1934 నాటి పాట మాటలను చిన్నప్పుడు చూయింగ్ గమ్ కాగితం మీద చదివి నేర్చుకుందట. 2013లో ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది.

ఇప్పుడు నా సొంత మాట. మా తాతయ్య అద్దంకి వైపు పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవారు. కాటి సీనులో పద్యం చివర నటుడు రాగం సాగదీస్తే, అతని ఊపిరి ఎక్కడ తెగుతుందో ముందే తెలిసినట్టు తాతయ్య వేళ్ళు అక్కడికి వెళ్ళి నిలబడేవి. మా నాన్న తరం చదువులూ ఉద్యోగాలూ అంటూ ఆ వైపు చూడలేదు. నాటకాల పిచ్చి అనే మాట మా ఇంట్లో తిట్టుగానే వాడేవాళ్ళు. ఆయన పోయాక మా దగ్గర మూడు క్యాసెట్లు, ఆ హార్మోనియం పెట్టె మిగిలాయి. క్యాసెట్లలో స్వరం వినిపిస్తుంది. ఆ తిత్తి మీద చెయ్యి ఎంత నొక్కారో, ఎప్పుడు వదిలారో వినిపించదు. వాయించే చెయ్యి మా ఇంట్లో లేదు.

హార్మోనియం, అకార్డియన్ దగ్గరి చుట్టాలు. రెండిట్లోనూ తిత్తి గాలి తగిలి లోహపు రీడ్లు మోగుతాయి. క్లాసులో మొదటి రోజు ఆ అకార్డియన్ తిత్తి తెరుచుకున్నప్పుడు వచ్చిన గాలి చప్పుడు, ఇంకా స్వరం పుట్టకముందు వచ్చే ఆ నిట్టూర్పు, అచ్చం తాతయ్య పెట్టెదే. నేను బయటికి వెళ్ళి కాసేపు కారు దగ్గర నిలబడి వచ్చాను.

వాళ్ళు నేర్పే పద్ధతి చెప్తాను, ఎందుకంటే కాపాడటం అంటే నా దృష్టిలో ఇదే. పుస్తకం ఉండదు. ఈ అకార్డియన్‌లో ఒకే బటన్ నొక్కి తిత్తి మూస్తే ఒక స్వరం, తెరిస్తే ఇంకో స్వరం. అందుకని వేళ్ళు ఎక్కడ పెట్టాలో తెలిసినంత మాత్రాన రాదు, గాలి ఎటు పోతోందో కూడా ఒంటికి తెలియాలి. మా పాప రెండో నెలలో ఒక చోట తడబడుతూనే ఉంది. మాస్టారు, పిల్లలు మాయెస్ట్రో అంటారు, ఆమె వేళ్ళని అసలు ముట్టుకోలేదు. ఆమె ఎడమచేతి మీద తన చెయ్యి వేసి తిత్తిని మాత్రమే ఆడించారు. తెరిచి, మూసి, మళ్ళీ కొంచెం తెరిచి ఆపారు. "ఇక్కడ ఊపిరి తీసుకో" అన్నారు. రెండుసార్లు అలా చేశాక తన చెయ్యి తీసేశారు. పాప వేళ్ళు వాటంతట అవే సరైన బటన్ల మీదకి వెళ్ళాయి. ఆయన అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగితే తన మాస్టారి పేరు, ఆ మాస్టారి మాస్టారి పేరు చెప్పారు. నాలుగో పేరు దగ్గర ఆయనకే నవ్వొచ్చింది, ఆ నాలుగో మనిషి మా పెరట్లో వాయించే మామయ్యే అన్నారు.

అదే క్లాసులో డెబ్బై దాటిన ఒకాయన కూడా విద్యార్థి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న వాయించేవారట, అప్పుడు సిగ్గుపడి నేర్చుకోలేదట. ఇప్పుడు మా పాప పక్కన కూర్చుని, ఆమె దగ్గర డౌట్లు అడిగి నేర్చుకుంటారు. ఆయన ఉన్నందుకే మా పాప ఒక్క వారం కూడా క్లాసు మానలేదు.

మొదటి ప్రోగ్రాం రోజు మాకు ఎంత టెన్షనో చెప్పలేను. పాట సగంలో పాప రెండో చరణం మర్చిపోయి ఆగిపోయింది. పక్కన బాహో సెస్తో వాయిస్తున్న పెద్దాయన ఆపలేదు, ఆమె వైపు చూడలేదు కూడా. ఉన్న చోటే చుట్టూ తిరుగుతున్నట్టు అదే వరసని మళ్ళీ మళ్ళీ వాయిస్తూ ఉండిపోయారు. ఎదురుగా డాన్సు చేస్తున్న జంటలూ ఆగలేదు. నాలుగో తిరుగుడుకి పాపకి స్వరం దొరికింది, అందుకుంది. డాన్సు ఫ్లోర్‌లో చాలామందికి ఏదో జరిగిందని కూడా తెలియదు.

ఆ డాన్సు గురించి కూడా ఒక మాట. పాదాలు నేలకి రాస్తూ, గడియారం ముళ్ళకి ఎదురు దిశలో, జంటలన్నీ ఒకే వరసగా హాలు చుట్టూ సాగుతాయి. నెమ్మదిగా సాగే ఒక రకాన్ని టాకువాచీతో అంటారు, ఒపోసమ్ అనే చిన్న జంతువు నడకతో పోలిక. టోనీ దె లా రోసా అనే అకార్డియన్ విద్వాంసుడు పోల్కా వేగం తగ్గించిన తర్వాత ఆ నడక స్థిరపడింది. జనం ఆడని చోట ఈ సంగీతం కచేరీ వస్తువు అయిపోతుంది, అందుకే హాళ్ళను కాపాడటం కూడా ఇందులో భాగమే. సర్సమోరా వీధిలో లెర్మాస్ అనే పాత నైట్ క్లబ్ 2010లో మూతపడినప్పుడు, ఆ భవనం పోకూడదని ఇరుగుపొరుగు వాళ్ళు, కళాకారులు పట్టుబట్టారు. ఎస్పెరాన్సా పీస్ అండ్ జస్టిస్ సెంటర్ దాన్ని బాగుచేసే భారం తలకెత్తుకుంది. పాత డాన్సు హాలు కోసం అన్నేళ్ళు అర్జీలు పెట్టి, చందాలు పోగుచేసి తిరిగిన వాళ్ళంటే నాకు చాలా గౌరవం.

మీరు వెళ్ళాలనుకుంటే మొదట మే నెల పండుగకి వెళ్ళండి. స్టూడెంట్ బృందాలు వాయించే సమయం చూసుకుని ముందే చేరండి, పెద్ద పేర్లున్న బ్యాండ్ల కంటే నాకు అదే ఇష్టం. శాన్ ఆంటోనియో అకార్డియన్ విద్వాంసుడు ఫ్లాకో హిమెనెస్ 2025 జులైలో పోయారు. ఆయన అకార్డియన్‌ని రోలింగ్ స్టోన్స్ అనే పేరున్న రాక్ బ్యాండ్ ఆల్బమ్ దాకా తీసుకెళ్ళారు. తమ్ముడు సాంటియాగో జూనియర్ మాత్రం తండ్రి వాయించినట్టే రెండు వరసల బటన్ల పాత అకార్డియన్‌నే పట్టుకుని ఉన్నారు. ఒకే ఇంట్లో రెండు దారులు, రెండూ కావాలి. వాళ్ళిద్దరి పాటలు ఇంట్లో పెట్టి ఉంచండి, పాపకి చెవి అలవాటవుతుంది.

క్లాసులో చేరితే ఫీజు కట్టి పిల్లని దింపి వెళ్ళిపోకండి. ఒక మూల కూర్చోండి, అయిపోయాక కుర్చీలు సర్దడంలో చెయ్యి వెయ్యండి. నాకు పరిచయాలన్నీ ఆ కుర్చీల దగ్గరే అయ్యాయి. మూడో ఏడు తాతయ్య పెట్టెని ఇండియా నుంచి తెప్పించి క్లాసుకి పట్టుకెళ్ళాను. మాయెస్ట్రో తిత్తి వేస్తుంటే నేను ఒక్కొక్క మెట్టూ నొక్కాను. ఒక రీడు మోగలేదు. ఆయన తన సామాన్ల డబ్బా తెచ్చి, పై చెక్క విప్పి, రీడు కింద ఇరుక్కున్న దుమ్ముని సన్నటి రేకుతో తీశారు. ఇప్పుడు మోగుతోంది.

అకార్డియన్ మాత్రం వెంటనే కొనకండి. మూడు వరసల బటన్లది మంచిదే కానీ తొమ్మిదేళ్ళ పాప ఒడిలో బరువు. ఏ శృతిది కొనాలో మాస్టారిని అడగకుండా కొంటే క్లాసులో మిగతా వాళ్ళతో కలవదు. మా పాప మొదట నేర్చుకున్న చిన్న పెట్టె మా ఇంట్లోనే ఉంది, ఇప్పుడు ఆమెకి చిన్నదైపోయింది. మెసేజ్ పెట్టండి, మీ పాప క్లాసులో కుదురుకునే దాకా వాడుకోవడానికి ఇస్తాను.