సంతకం పెట్టేది మీ అబ్బాయి

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటున్నాం. ఇద్దరు పిల్లలు. బాబుకి 17 ఏళ్ళు, హైస్కూల్ ఆఖరి సంవత్సరం. చిన్నప్పటి నుంచి బేస్‌బాల్ ఆడుతున్నాడు, సెంటర్ ఫీల్డర్. తొమ్మిదో తరగతి నుంచి అమెరికన్ ఫుట్‌బాల్ కూడా, అందులో బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్. రెండింట్లోనూ బాగా ఆడతాడని కోచ్‌లే అంటారు. ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ ఇస్తామంది, బేస్‌బాల్ కూడా ఆడుకోవచ్చంది. ఇంకోవైపు బేస్‌బాల్ జట్ల కోసం ఆటగాళ్ళని వెతికే స్కౌట్లు ఇంటికి వచ్చి, జూలై డ్రాఫ్ట్‌లో (జట్లు రౌండ్ల వారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమం) తీసుకుంటే ఎంతకి సంతకం పెడతాడని అడుగుతున్నారు. మా వారు బేస్‌బాలే అంటారు. అందులో డబ్బు గ్యారంటీ, తలకి దెబ్బలుండవు, పదేళ్ళుగా ఖర్చు పెట్టింది దానికోసమే కదా అని ఆయన వాదన. హైస్కూల్ నుంచి నేరుగా బేస్‌బాల్‌లోకి వెళ్ళిన అర్జున్ నిమ్మలని చూడమంటారు. రెండు పడవల మీద కాళ్ళు వద్దంటారు. బాబుకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. వాడి మీద ఎవరైనా పడితే నేను కళ్ళు మూసుకుంటాను. సెప్టెంబర్ నుంచి తండ్రి ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి రావడం మానేశారు. ఇద్దరూ నా ద్వారానే మాట్లాడుకుంటున్నారు. పాప ఎనిమిదో తరగతి, దాని పని అది చూసుకుంటుంది. ఏ ఆట ఎంచుకోమని వాడికి చెప్పాలి? – ఒక తల్లి

జవాబు:

అమ్మా, ఏ ఆట అని మీరు అడిగారు. దానికి నేను జవాబు చెప్పినా మీ ఇంట్లో గొడవ ఆగదు. ఎందుకంటే గొడవ ఆట గురించి కాదు, ఎవరు నిర్ణయించాలన్న దాని గురించి. డ్రాఫ్ట్ నాటికి మీ బాబుకి 18 నిండితే కాంట్రాక్టు మీద సంతకం చట్టప్రకారం అతనిదే. మీ వారు ఎంత గట్టిగా అరిచినా, మీరు ఎన్నిసార్లు కళ్ళు మూసుకున్నా అది మారదు. కాబట్టి ఎటు వెళ్ళాలో అతనికి చెప్పే ప్రయత్నం మానుకుని, అతను సరిగ్గా ఆలోచించుకోవడానికి కావలసిన వివరాలు, ప్రశాంతత ఇంట్లో దొరికేలా చూడండి. మీరు ఇప్పుడు చేయగలిగింది అదే, అది చిన్న పని కూడా కాదు.

ముందు ఒక విషయం తేలిక చేస్తాను. వచ్చే జూలైలో మీ బాబు ముందుండే ప్రశ్న 'బేస్‌బాలా, ఫుట్‌బాలా' అన్నది కాదు. 'ఇప్పుడే బేస్‌బాల్‌లో సంతకం పెట్టాలా, కాలేజీకి వెళ్ళి రెండూ ఆడాలా' అన్నది. హైస్కూల్ ముగిసిన పిల్లవాడిని బేస్‌బాల్ జట్టు డ్రాఫ్ట్‌లో ఎంచుకున్నా అతను ఒప్పుకోవాలని లేదు. వద్దని నాలుగేళ్ళ యూనివర్సిటీలో చేరితే, మూడో సంవత్సరం అయ్యాక గానీ, 21 ఏళ్ళు వచ్చాక గానీ మళ్ళీ డ్రాఫ్ట్‌కి అర్హత వస్తుంది. ఫుట్‌బాల్‌లో అయితే హైస్కూల్ అయి మూడేళ్ళు గడిస్తే తప్ప ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్ ఎవరినీ తీసుకోదు. అంటే కాలేజీ దారిలో రెండు తలుపులూ ఇంచుమించు ఒకే సమయానికి తెరుచుకుంటాయి. మీ వారి రెండు పడవల భయం నాకు అర్థమైంది. కానీ 17 ఏళ్ళ వయసులో ఒక పడవని తగలబెట్టాల్సిన తొందర మీకు లేదు.

మీ పక్క ఊరి కథే తీసుకోండి. ఆలెన్ హైస్కూల్ కుర్రాడు కైలర్ మర్రే గురించి మీ ఇంట్లో ఇప్పటికే వాదన జరిగి ఉంటుంది. 2018 జూన్‌లో బేస్‌బాల్ జట్టు ఓక్లండ్ అథ్లెటిక్స్ అతన్ని తొమ్మిదో ఎంపికగా తీసుకుని 46 లక్షల 60 వేల డాలర్ల సంతకం బోనస్‌కి ఒప్పందం చేసుకుంది. ఓక్లహోమా యూనివర్సిటీకి ఇంకొక్క ఫుట్‌బాల్ సీజన్ ఆడుకోవచ్చని అనుమతి కూడా ఇచ్చింది. ఆ ఒక్క సీజన్‌లో అతను కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్దదైన హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. 2019 ఫిబ్రవరిలో ఫుట్‌బాల్ అని ప్రకటించి, అప్పటికి చేతికి అందిన బోనస్‌లో చాలా భాగం వెనక్కి ఇచ్చేశాడు. ఏప్రిల్‌లో ఎన్‌ఎఫ్ఎల్ జట్టు అరిజోనా కార్డినల్స్ అతన్ని మొట్టమొదటి ఎంపికగా తీసుకుంది. ఫుట్‌బాల్ వైపు ఉన్నవాళ్ళు ఈ కథని తమకి అనుకూలంగా చెప్పుకుంటారు. నాకు ఇందులో కనిపించేది వేరు. అతనికి ఎనిమిది నెలల వ్యవధి దొరికింది, ఆ వ్యవధిలో లెక్కలన్నీ మారిపోయాయి. అంత వెసులుబాటు ఏ జట్టూ అందరికీ ఇవ్వదు. మీ బాబుకి ఆ వ్యవధి ఇవ్వగలిగేది కాలేజీయే.

వ్యతిరేక ఉదాహరణ కూడా చెప్పకపోతే మీ వారికి అన్యాయం చేసినట్టే. జో మావర్ హైస్కూల్లో ఉన్నప్పుడే ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్‌గా రమ్మంది. అతను 2001లో మినసోటా ట్విన్స్‌కి మొదటి ఎంపికగా బేస్‌బాల్‌లోకి వెళ్ళాడు, జీవితమంతా ఆ ఒక్క జట్టుకే ఆడి 2024లో బేస్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. మీ వారు ఈ పేరు చెబితే కాదనకండి. అయితే మిగతా కథ కూడా చెప్పమనండి. మావర్ క్యాచర్, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు. 2013లో బంతి వచ్చి మాస్క్‌కి తగిలి కంకషన్, అంటే మెదడు అదిరే దెబ్బ, అయింది. ఆ తర్వాత క్యాచర్ స్థానమే వదిలి ఫస్ట్ బేస్‌కి మారాల్సి వచ్చింది. బేస్‌బాల్‌లో తలకి దెబ్బలుండవన్న మాట పూర్తి నిజం కాదు. తక్కువ, చాలా తక్కువ. అంతవరకే.

ఇక మీ భయం. దాన్ని తల్లి చాదస్తం అని ఎవరైనా కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. 2017లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 111 మంది ఎన్‌ఎఫ్ఎల్ ఆటగాళ్ళు మరణించాక దానం చేసిన మెదళ్ళని పరీక్షిస్తే 110 మందిలో సీటీఈ అనే వ్యాధి కనిపించింది. పదే పదే తగిలే దెబ్బలతో ముడిపడినదిది. అయితే ఇబ్బందులు చూసిన కుటుంబాలే ఎక్కువగా దానానికి ముందుకొస్తాయి. అందుకని ఆడిన ప్రతివాడికీ వస్తుందని ఆ లెక్క నుంచి తేల్చకూడదు. దీన్ని బెదిరింపుగా బాబు ముందు పెట్టకండి, ప్రశ్నగా పెట్టండి. "నాన్నా, ఎప్పుడైనా దెబ్బ తగిలి తల తిరిగితే కోచ్‌కి చెప్పకుండా దాచావా?" అని ఒకసారి మెల్లగా అడగండి. టెక్సాస్‌లో 2011 నుంచి చట్టం ఉంది. కంకషన్ అనుమానం వస్తే స్కూల్ ఆటగాడిని వెంటనే బయటికి తేవాలి, డాక్టర్ ఒప్పుకోకుండా మళ్ళీ దింపకూడదు. ఆ చట్టం పని చేయాలంటే పిల్లవాడు నోరు విప్పాలి. జట్టులో స్థానం పోతుందని దాచేవాళ్ళూ ఉంటారు. దాచానని అతను ఒప్పుకుంటే, స్కాలర్‌షిప్ సంగతి కన్నా ముందు తేల్చుకోవాల్సిన విషయం అది.

డబ్బు గ్యారంటీ అన్న మీ వారి మాటలో సగం నిజం ఉంది. బేస్‌బాల్‌లో సంతకం బోనస్ చేతికొస్తుంది, పన్ను పోగా మిగిలింది మీదే. ఎన్‌ఎఫ్ఎల్ కాంట్రాక్టుల్లో చాలావాటికి అంత పూచీ లేదు, అక్కడ ఆట ముగిసిపోవడానికి ఒక్క మోకాలి దెబ్బ చాలు. కానీ బోనస్ తర్వాత ఏముంది? మైనర్ లీగ్ ఉంది, అంటే పెద్ద లీగ్‌కి కింది మెట్లు. చిన్న ఊళ్ళు, అర్ధరాత్రి బస్సు ప్రయాణాలు, పెద్ద జట్టు నుంచి ఫోన్ వస్తుందో రాదో తెలియని వేసవులు. 2023లో ఆటగాళ్ళ సంఘంతో కుదిరిన ఒప్పందం చాలా పెంచాక కూడా, ఆ సంవత్సరం కింది మెట్లలో ఒకటైన సింగిల్-ఏలో ఏడాది జీతం 26,200 డాలర్లు, పెద్ద లీగ్‌కి ఒక్క మెట్టు కింద ఉండే ట్రిపుల్-ఏలో 35,800 డాలర్లు. సంతకం పెట్టినవాళ్ళలో పెద్ద లీగ్ చూసేవాళ్ళు కొద్దిమందే. అర్జున్ నిమ్మల 2023లో మొదటి రౌండ్‌లోనే, ఇరవయ్యో ఎంపికగా టొరంటో బ్లూ జేస్‌కి వెళ్ళాడు. ఆ స్థాయిలో పిలుపు వస్తే ఫ్లోరిడా స్టేట్ సీటు వదులుకోవడంలో అర్థముంది. పదో రౌండ్‌లో పిలుపు వస్తే లెక్క వేరు. మీ వారు పేరు చెబుతున్నారు గానీ రౌండ్ చెప్పడం లేదు.

అందుకని ఒక అంకె కావాలి. స్కౌట్లు అడుగుతున్నదీ అదే. వాళ్ళకి ముగ్గురూ మూడు జవాబులు చెబితే బేరంలో నష్టపోయేది బాబు. ముగ్గురూ కూర్చుని, ఎంత బోనస్ వస్తే కాలేజీ వదులుకోవడం సబబో ఒక అంకె రాసుకోండి. మొదట బాబునే రాయనివ్వండి. అంతకు తగ్గితే కాలేజీ, అంతే, జూలై రాత్రి ఫోన్‌లో మళ్ళీ చర్చ లేదు. సంతకం పెట్టే పక్షంలో, తర్వాత ఎప్పుడైనా చదువుకుంటే ఫీజు జట్టే కట్టేలా కాలేజీ స్కాలర్‌షిప్ ప్లాన్‌ని కాంట్రాక్టులో రాయించుకోండి. ఆట వదిలాక రెండేళ్ళలోపు చదువు మొదలుపెట్టాలన్న గడువు ఉంటుంది, అదీ గుర్తుంచుకోండి. అడ్వైజర్‌నని చెప్పుకుని వచ్చేవాళ్ళు చూపించే కాగితం ఏదైనా సరే, యూనివర్సిటీలో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకి చూపించకుండా ముట్టుకోకండి.

నన్నే అడిగితే, మొదటి రౌండ్ స్థాయి డబ్బు వస్తే తప్ప కాలేజీయే మేలంటాను. డ్రూ హెన్సన్ అని మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ ఉండేవాడు. 2001లో ఇంకో కాలేజీ సీజన్ మిగిలుండగానే బేస్‌బాల్ జట్టు యాంకీస్ ఇచ్చిన 1 కోటి 70 లక్షల డాలర్లకి పూర్తిగా బేస్‌బాల్‌కి వెళ్ళిపోయాడు. పెద్ద లీగ్‌లో అతను బ్యాటు పట్టింది తొమ్మిదిసార్లు. తర్వాత ఫుట్‌బాల్‌కి తిరిగొచ్చాడు గానీ క్వార్టర్‌బ్యాక్‌కి ఆ పోయిన సంవత్సరాలు తిరిగి రావు. ఆ డబ్బు చిన్నదేం కాదు, నిజమే. అంత మొత్తం మీ బాబుకి ఎవరూ చూపించడం లేదన్నది కూడా నిజమే.

మీ వారి గురించి రెండు మాటలు. పదేళ్ళపాటు శని, ఆదివారాలు టోర్నమెంట్లకి కారు నడిపిన తండ్రి ఆయన. ఇప్పుడు కొడుకు ఇంకో ఆట వైపు చూస్తుంటే తనని కాదన్నట్టు అనిపిస్తోంది. ఆయన బయటికి చెప్పేది ఖర్చు గురించి, లోపల బాధ వేరు. ఎన్‌ఎఫ్ఎల్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ తండ్రి స్వయంగా పెద్ద లీగ్ బేస్‌బాల్ పిచర్. కొడుకుని 2014లో బేస్‌బాల్ జట్టు డెట్రాయిట్ టైగర్స్ 37వ రౌండ్‌లో ఎంచుకుంటే, ఆ అబ్బాయి ఫుట్‌బాల్ ఆడే అవకాశమున్న టెక్సస్ టెక్‌కి వెళ్ళాడు. ఇలాంటి తండ్రులు ఇంకా ఉన్నారని మీ వారికి చెప్పండి, కానీ వాదనగా కాదు. ఖర్చు మాట మాత్రం పిల్లవాడి ముందు ఎత్తవద్దని గట్టిగానే చెప్పండి. బ్యాట్లకీ కోచింగ్‌కీ పెట్టిన డబ్బుకి ఏ పిల్లవాడూ ప్రోనోటు రాసివ్వలేదు. మిగిలిన శుక్రవారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి ఆయన వెళ్ళి తీరాలి. చప్పట్లు కొట్టక్కర్లేదు, వచ్చి కూర్చుంటే చాలు. రాకపోవడాన్ని మీ బాబు ఆట మీద అభిప్రాయంగా తీసుకోడు, తన మీద అలకగానే తీసుకుంటాడు.

మరి మీరు? ఇద్దరి మధ్యా మాటలు మోయడం ఈ రోజు నుంచే ఆపండి. "వాడితో చెప్పు" అని ఆయనంటే, "పక్క గదిలోనే ఉన్నాడు, మీరే చెప్పండి" అనండి. "డాడీకి నువ్వే చెప్పమ్మా" అని వాడంటే అదే జవాబు. మొదట్లో ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది, టెన్షన్‌గానూ ఉంటుంది. మీరు తొందరపడి మధ్యలోకి వెళ్ళకండి. ఇంతకాలం వాళ్ళు నేరుగా మాట్లాడుకోకుండా గడిచిపోయింది మీరు మోస్తున్నందువల్లే.

ఇంకోటి, మీరు అడగకపోయినా. పాప పని పాప చూసుకుంటుందని ఒక్క వాక్యంలో తేల్చేశారు. 13 ఏళ్ళ పిల్ల తన పని తను చూసుకుంటోందంటే బుద్ధిమంతురాలై ఉండొచ్చు, లేదా ఈ ఇంట్లో అడిగి లాభం లేదనుకుని ఉండొచ్చు. ఏదో తెలుసుకోండి. ఫ్రిజ్ మీద అతికించిన క్యాలెండర్లో ఆ పిల్ల తేదీలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి.

బాబుతో మాట్లాడేటప్పుడు మ్యాచ్ రాత్రి గురించి అడగకండి. స్టేడియం నిండా జనం, బ్యాండ్, లైట్లు ఉంటే ఎవరికైనా ఆ ఆటే ప్రాణమనిపిస్తుంది. ఎవరూ చూడని మంగళవారం ప్రాక్టీసు గురించి అడగండి. గంటసేపు ఫుట్‌బాల్ వీడియోలు చూసి ఎదుటి జట్టు ఎత్తులు రాసుకోవడం ఇష్టమా, బ్యాటింగ్ కేజ్‌లో రెండొందల బంతులు కొట్టడం ఇష్టమా? బేస్‌బాల్‌లో గొప్ప బ్యాటర్లు కూడా పదిసార్లలో ఏడుసార్లు విఫలమవుతారు, అది భరించగలడా? కాలేజీలో తనకన్నా పెద్ద క్వార్టర్‌బ్యాక్ ఉంటే రెండేళ్ళు పక్కన నిలబడి చూడగలడా? జవాబు వెంటనే రాకపోతే రాకపోనివ్వండి, మళ్ళీ అడగొద్దు.

చివరిగా, మీ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోని అవకాశం ఒకటుంది. డ్రాఫ్ట్ ఇప్పుడు 20 రౌండ్లే. ఇంటికొచ్చిన స్కౌట్లందరూ వెళ్ళిపోయాక అతని పేరు ఎవరూ పిలవకపోవచ్చు. కాలేజీకి వెళ్తాడని జట్లు అనుకున్నా పిలవరు. అప్పటికి అతను ఫుట్‌బాల్ జట్టుతో యూనివర్సిటీలోనే ఉంటాడు కాబట్టి చేయడానికి పనైతే ఉంటుంది. ఆ వారం ఫోన్‌లో "నేను ముందే చెప్పాను" అన్న మాట ఎవరూ అనకూడదని ఇప్పుడే మీ వారితో ఒప్పందం చేసుకోండి. అది మీకూ వర్తిస్తుంది.