జిగురు పెట్టిన చోట నలుపెందుకు?

ప్రశ్న: ఇంట్లో చిన్న లేత్ (చెక్కను తిప్పుతూ చెక్కే మిషను) పెట్టుకుని సరదాకి చెక్క గిన్నెలు చేస్తుంటాను. ఈసారి నల్లతుమ్మ ముక్కలు తెల్ల జిగురుతో అతికించి, ఇనప క్లాంపులు బిగించి రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి సిరా ఒలికినట్టు నల్ల మచ్చలు! లేత్ మీద తిప్పాక చాలావరకు పోయాయి, అంచు దగ్గర రెండు మిగిలాయి. అతుకులో సన్నటి సందుంటే ఇన్‌స్టంట్ జిగురు చుక్క వేశాను, నూనె పూస్తే దాని చుట్టూ పాలిపోయిన మరక తేలింది. జిగురు నకిలీదంటారా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: జిగురును తిట్టకండి, నలుపు క్లాంపు చేసిన పని. తుమ్మలో టానిన్ అనే వగరు పదార్థం దండిగా ఉంటుంది, తోళ్లు పదును చేయడానికి తుమ్మబెరడు వాడేది అందుకే. తెల్ల జిగురులో నీళ్లుంటాయి, ఆ తడిలో టానిన్‌కి ఇనుము తగిలిందంటే తయారయ్యేది అచ్చంగా సిరానే. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నల్ల గీతలు గీస్తారు కదా, మీరు తెలియకుండా అదే గిన్నె మీద చేశారు.

అనుమానముంటే మచ్చ మీద నూనె పోయేదాకా గీకి, నిమ్మచెక్క రుద్ది చూడండి. నలుపు పల్చబడితే ఇనుమే. అప్పుడు గిన్నె మొత్తం గరుకు కాగితం పట్టి (నూనె ఉంటే మందు లోపలికి దిగదు), లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల ఆక్జాలిక్ యాసిడ్ కరిగించి బ్రష్‌తో పూయండి. మచ్చ వరకే పూస్తే అక్కడే తెల్లబడి ఇంకో టెన్షన్, అందుకని గిన్నెంతా పూయాలి. నానబెట్టకండి, అతుకు ఊడొచ్చు. ఆరాక రెండు మూడుసార్లు తడిగుడ్డతో తుడవాలి. ఈ యాసిడ్ విషం, గ్లవుజులు తప్పనిసరి, ప్లాస్టిక్ డబ్బాలోనే కలపండి, తర్వాత సాండింగ్ చేసేటప్పుడు మాస్క్ కూడా.

పాలిపోయిన మరక మాత్రం ఇన్‌స్టంట్ జిగురుదే. అది చెక్క రంధ్రాల్లోకి పాకి నూనెను లోపలికి పోనివ్వలేదు. లోతుగా పాకకపోతే సాండింగ్‌తో పోతుంది, పాకితే ఇంకాస్త చెక్కు తీయాల్సిందే. ఈసారి సందు చుట్టూ ముందు స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక పూత వేసి, అది ఆరాకే చుక్క వేయండి.

ఇకముందు నలుపు రాకుండా క్లాంపు కింద పాల ప్యాకెట్ కవరు ముక్క పెట్టుకుంటే చాలు. స్టీల్ ఉన్నితో రుద్దే అలవాటుంటే తుమ్మ మీద మానేయండి, దాని పొడి చెక్కలో ఇరుక్కుని మొదటిసారి తడి తగలగానే మళ్లీ నల్ల చుక్కలు లేస్తాయి.