కొత్తవారు వచ్చేదాకా పాతవారిని కదపకూడదు

మీ ప్రశ్న ఇది: పార్లమెంటులో ఒక సభ అధికార పార్టీ చేతిలో, రెండో సభ ప్రతిపక్షం చేతిలో ఉంటే జాతీయ మానవ హక్కుల అంబుడ్స్‌మన్‌ను, అంటే ప్రభుత్వం మీద జనం పెట్టే ఫిర్యాదులు వినే అధికారిని, ఎలా ఎన్నుకోవాలి? పోలండ్‌లోలా నెలల తరబడి లాగే బదులు, మెజారిటీ ఉన్న సభకే వదిలేస్తే పోదా?

పోదు. ఆ నెలలన్నీ నేను వార్సాలోనే ఉన్నాను. నా ఫిర్యాదు ఒకటి ఆ అంబుడ్స్‌మన్ ఆఫీసులో ఉండగానే ఇదంతా జరిగింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను రెసిడెన్స్ కార్డు కోసం 2020 జులైలో దరఖాస్తు పెట్టాను. కొత్త సంవత్సరం వచ్చింది, చలికాలం పోయింది, కార్డు మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. ఈమెయిల్ పంపితే "మీ వంతు వచ్చినప్పుడు తెలియజేస్తాం" అనే రెండు లైన్ల జవాబు. పాస్‌పోర్టులో ముద్ర ఉంది కాబట్టి పోలండ్‌లో ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ ఒకసారి దేశం దాటితే ఆ ముద్రతో తిరిగి రానివ్వరు. అక్కడ మన పిల్లలు చాలామంది ఇలాగే ఇరుక్కుపోయి ఉంటారు. పైకి ఎవరూ చెప్పుకోరు, ఇంట్లోవాళ్లకు అసలే చెప్పరు.

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు రిటైర్డ్ టీచర్. డెబ్బై దాటిన మనిషి. అందరిలాగే నేనూ ఆవిడను పానీ అనే పిలిచేవాణ్ని, పోలిష్‌లో మేడమ్ అన్నమాట. మార్చిలో ఒక ఆదివారం నా కాగితాలన్నీ వంటగది బల్ల మీద పరిచి, ఆవిడే స్వయంగా పోలిష్‌లో ఉత్తరం రాసి పెట్టారు. "జెచ్నిక్‌కు పంపు" అన్నారు. మనం అంబుడ్స్‌మన్ అనేవారిని అక్కడ జెచ్నిక్ అంటారు, పౌర హక్కుల కమిషనర్ అన్నమాట. నేను పౌరుణ్ని కాదు కదా అన్నాను. రాజ్యాంగంలో "ప్రతి ఒక్కరూ" అని ఉంది, పౌరులు అని కాదు, చదువుకో అన్నారు. తర్వాత చూశాను, నిజమే, 80వ అధికరణం. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

అప్పటికే ఆ పదవి చుట్టూ పెద్ద గొడవ నడుస్తోంది. ఆడమ్ బొద్నార్ ఐదేళ్ల పదవీకాలం 2020 సెప్టెంబర్‌లోనే ముగిసింది. రాజ్యాంగం ప్రకారం దిగువ సభ సెయ్మ్ ఎన్నుకోవాలి, ఎగువ సభ సెనేట్ ఒప్పుకోవాలి. 2019 ఎన్నికల్లో అధికార పార్టీకి సెయ్మ్‌లో 460కి 235 సీట్లు వచ్చాయి, సెనేట్‌లో 100కి 48 మాత్రమే. రెండు తాళాల పెట్టెకు ఒక తాళం చెవి వీళ్ల దగ్గర, ఇంకోటి వాళ్ల దగ్గర ఉన్నట్టు.

వెయ్యికి పైగా పౌర సంఘాలు కలిసి జుజన్నా రుజిన్స్కా-బ్లుష్చ్ అనే లాయర్‌ను నిలబెట్టాయి. సెయ్మ్ ఆవిడను రెండుసార్లు కాదంది. తర్వాత విదేశాంగ శాఖ సహాయ మంత్రి పియోత్ర్ వావ్‌జిక్‌ను సెయ్మ్ ఎన్నుకుంది, సెనేట్ తిప్పి పంపింది. ప్రభుత్వం మీద వచ్చే ఫిర్యాదులు వినాల్సిన కుర్చీలో ప్రభుత్వంలో ఉన్న మనిషినే కూర్చోబెడతామంటే సెనేట్ ఇంకేం చేస్తుంది?

కానీ 2021 జులై మధ్య దాకా ఆ కుర్చీ ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు. కొత్తవారు బాధ్యతలు తీసుకునేదాకా పాతవారే కొనసాగాలని చట్టంలో ఒక వాక్యం ఉండడమే కారణం. చమురు కంపెనీ ఓర్లెన్ ప్రాంతీయ పత్రికల సంస్థ పోల్స్‌కా ప్రెస్‌ను కొనడానికి ఇచ్చిన అనుమతి మీద బొద్నార్ కోర్టుకు వెళ్లారు. 2021 ఏప్రిల్ మొదట్లో కోర్టు ఆ అనుమతి అమలును నిలిపేసింది. అప్పటికి ఆయన పదవీకాలం ముగిసి ఏడు నెలలు. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆ కేసు వేసేవారెవరు?

ఇక ఏప్రిల్ 15. ఆ రోజు నేను మర్చిపోలేను. ఉదయం అమ్మ ఫోన్ చేసి నాన్నకు కోవిడ్ వచ్చిందని చెప్పింది. మన దగ్గర సెకండ్ వేవ్ ముంచుకొస్తున్న రోజులు. "నువ్వేం కంగారు పడకు నాన్నా, తమ్ముడు చూసుకుంటున్నాడు" అంది. అలా అందంటే కంగారు పడాల్సిందే అని నాకు తెలుసు. టికెట్లు వెతికాను. వెళ్తే మళ్లీ రాలేను. రాలేకపోతే ఉద్యోగం పోతుంది, నాన్న ఆస్పత్రి ఖర్చులకు డబ్బు పంపేది ఆ ఉద్యోగమే. కంప్యూటర్ ముందు కూర్చున్నానే గానీ ఒక్క లైను పని చేయలేదు.

వంటగదిలోకి వెళ్తే పానీ టీవీ ముందు నిలబడి ఉన్నారు. కూర్చోలేదు, నిలబడే చూస్తున్నారు. పాత కమిషనర్ కొనసాగడానికి వీలిచ్చే ఆ నిబంధన చెల్లదని, మూడు నెలల్లో రద్దయిపోతుందని రాజ్యాంగ ట్రిబ్యునల్ ఆ రోజే తీర్పు ఇచ్చింది. అదే రోజు సెయ్మ్‌లో అధికార పార్టీ తన ఎంపీ బార్త్‌వొమ్యే వ్రుబ్లెవ్‌స్కీని కమిషనర్‌గా ఎన్నుకుంది. అబార్షన్ చట్టం మీద ట్రిబ్యునల్‌కు వెళ్లడంలో ముందున్న వ్యక్తి ఆయనే. పానీకి కోపం వస్తే మాట తగ్గిపోతుంది. టీవీ కట్టేసి, గ్లాసులో టీ పోసి నా ముందు పెట్టారు. "మరి నా ఉత్తరం?" అని అడిగాను. ఆ రోజు నేను అడిగిన ప్రశ్న అదొక్కటే. ఆవిడ జవాబు చెప్పలేదు.

రాజకీయ వార్తలు రాసేవాళ్లు దీన్ని ఎప్పుడూ "పదవి కోసం పోరు" అనే రాస్తారు. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, ఎన్ని ఓట్లు తేడా, అంతే. ఆ ఆఫీసులో ఫైళ్లున్న మనుషుల గురించి ఒక్క ముక్క ఉండదు. నాలాంటివాళ్లే కాదు, జైళ్లలో ఉన్నవాళ్లు, పిచ్చాసుపత్రుల్లో ఉన్నవాళ్లు, సరిహద్దులో ఆపేసినవాళ్లు అందరూ అక్కడికే రాసుకుంటారు. మనవాళ్లేమో "ఆ దేశ రాజకీయాలు మనకెందుకు రా" అంటారు. ఆ దేశపు ఆఫీసులో మన కాగితాలుంటే ఆ రాజకీయాలు మనవి కావా?

మేలో సెనేట్ వ్రుబ్లెవ్‌స్కీని తిరస్కరించింది. జూన్ 15న సెయ్మ్ లిదియా స్తారోన్‌ను ఎన్నుకుంది. ఆవిడ సెనేటరే, అయినా మూడు రోజులకే సెనేట్ కాదంది. ఆ జూన్ ఓటింగ్‌లో ఓడిపోయిన న్యాయశాస్త్ర ప్రొఫెసర్ మార్చిన్ వ్యోంట్సెక్‌నే జులై 8న అదే సెయ్మ్ 380 ఓట్లతో ఎన్నుకుంది. సెనేట్‌లో ఆయనకు 93 ఓట్లు పడ్డాయి. మనిషి అదే, సభ అదే, మధ్యలో నెల కూడా గడవలేదు.

ట్రిబ్యునల్ గడువు పెట్టబట్టే రాజీ కుదిరిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. సెనేట్ తాళం లేకపోతే ఆ గడువు వల్ల జరిగేది ఒక్కటే, పార్టీ మనిషి తొందరగా కూర్చునేవారు. ఒంటరిగా కుదరదని మూడుసార్లు తేలిన తర్వాతే రెండు పక్షాలకూ నచ్చిన మనిషి దొరికారు. గడువు చేసిందల్లా మమ్మల్ని భయపెట్టడమే. జులై 15న బొద్నార్ దిగిపోయారు, 23న వ్యోంట్సెక్ ప్రమాణం చేశారు. మధ్యలో డిప్యూటీ నెట్టుకొచ్చారు కాబట్టి సరిపోయింది. ఆ రాజీని కూడా సెనేట్ ఒప్పుకోకపోయి ఉంటే ఆ ఏర్పాటు ఎన్నాళ్లు సాగేదో ఆలోచించండి. స్పెయిన్‌లో 2017లో అంబుడ్స్‌మన్ దిగిపోయాక, పార్టీలకు కుదరక 2021 నవంబర్ దాకా తాత్కాలిక బాధ్యుడితోనే నడిపారు.

మెజారిటీకే వదిలేయడం అంటే ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే మన జాతీయ మానవ హక్కుల కమిషన్‌నే చూడండి. ప్రధాని, స్పీకర్, హోం మంత్రి, రాజ్యసభ డిప్యూటీ చైర్మన్, రెండు సభల ప్రతిపక్ష నేతలు కలిసి ఆరుగురి కమిటీ. ప్రతిపక్షం అసమ్మతి నోట్ రాయొచ్చు, ఆపలేదు. 2013లో సుష్మా స్వరాజ్, అరుణ్ జైట్లీ రాశారు. 2024లో రాహుల్ గాంధీ, ఖర్గే రాశారు. పార్టీలు తారుమారయ్యాయి, ఫలితం మారలేదు, రెండుసార్లూ నియామకం జరిగిపోయింది. పోనీ తొందరగా అయినా పూర్తవుతుందా అంటే, 2024 జూన్ నుంచి డిసెంబర్ దాకా పూర్తిస్థాయి చైర్‌పర్సనే లేరు.

కాబట్టి నా జవాబు: రెండు పక్షాల ఒప్పుకోలు తప్పనిసరి చేయండి, ఎంత ఆలస్యమైనా పర్వాలేదు, ఆ ఆలస్యమంతా పాతవారే పనిచేసేలా చట్టంలో రాసి పెట్టండి. ఈ రెండూ కలిసే ఉండాలి. మొదటిది ఒక్కటే ఉంటే కుర్చీ ఖాళీ, రెండోది ఒక్కటే ఉంటే పాతవారు ఎప్పటికీ దిగరు.

నాన్న పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డారు. జులై చివర్లో నాకు జెచ్నిక్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, మీ ఫైలు గురించి సంబంధిత కార్యాలయాన్ని వివరణ అడిగాం అని. సెప్టెంబర్‌లో కార్డు చేతికొచ్చింది. ఆ ఉత్తరం వల్లే వచ్చిందని నేను నమ్ముతాను. నవంబర్‌లో ఇంటికి వెళ్లి నాన్నను చూసుకున్నాను.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా పోలండ్‌లో ఇలాగే ఇరుక్కుని ఉంటే, ఇవాళే రాయండి. ప్రత్యేకమైన ఫారం ఏమీ లేదు. ఫైలు నంబరు, దరఖాస్తు పెట్టిన తేదీ, మీరు ఆ ఆఫీసుకు ఎప్పుడెప్పుడు ఏం పంపారో వరుసగా రాసి, కాపీలు జత చేయండి. పోలిష్ రాకపోతే పక్కింట్లో ఎవరినైనా అడగండి, రాసి పెడతారు.