ట్రోజన్ హార్స్ పద్ధతిలో అంత తక్కువ శక్తి ఎలా లభిస్తుంది? – సమాధానం

20 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల లిథియం-7 పుంజంతో డ్యుటీరియాన్ని ఢీకొట్టించి, నక్షత్రాలలో కిలో ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో జరిగే లిథియం–ప్రోటాన్ చర్యను ఎలా కొలుస్తారని మీరు అడిగారు. ఈ పద్ధతిలో ప్రోటాన్‌ను డ్యుటీరియం కేంద్రకంలో (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసినది) దాచి లిథియంకు అందిస్తారు. జవాబు ఆ రెంటినీ కలిపి ఉంచే బంధన శక్తిలో ఉంది. ఆ 20లో ఎనిమిదో వంతు, అంటే 2.5 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే లిథియం–ప్రోటాన్ జంటకు దక్కుతుంది, అందులో 2.2 బంధాన్ని విడదీయడానికే ఖర్చవగా సుమారు 0.3 మిగులుతుంది, కేంద్రకం లోపల ప్రోటాన్‌కు సహజంగా ఉండే చలనం వల్ల అది దాదాపు సున్నా వరకూ దిగివస్తుంది. కూలాంబ్ అవరోధాన్ని, అంటే ధనావేశ కేంద్రకాల మధ్య వికర్షణను, పుంజపు అధిక శక్తితో ముందే దాటడం వల్ల చర్య అణగిపోదు.

అయితే చర్యలో పుట్టే రెండు ఆల్ఫా కణాలనూ (హీలియం కేంద్రకాలు) ఒకేసారి నమోదు చేసి, చర్యలో పాల్గొనకుండా మిగిలిన న్యూట్రాన్ ద్రవ్యవేగం తక్కువగా ఉన్న సంఘటనలనే ఏరుకోవాలి. నా దృష్టిలో అసలు కష్టమంతా ఇక్కడే. వచ్చేది చర్య జరిగే అవకాశం శక్తితో ఎలా మారుతుందో చూపే వక్రరేఖ ఆకారమే కనుక, దాని స్థాయిని అధిక శక్తుల వద్ద నేరుగా కొలిచిన విలువలతో సరిచూసి నిర్ణయించండి.