చేతినొప్పి ఉన్నవాళ్లకి వెయిటెడ్ కీస్ మంచివా, మెత్తటి కీస్ మంచివా?

మీరు అడిగింది ఇదీ: గుంటూరులో ఆదివారం ఆరాధనకి 61 కీల సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) వాయిస్తారు, నాలుగు పాటలయ్యేసరికి కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టులో నొప్పి. దీన్ని అమ్మేసి 88 కీల వెయిటెడ్ (పియానోలా బరువైన కీలది) కొనాలా, ఇంకా మెత్తటిది చూసుకోవాలా అని. రెండూ ఇప్పుడే కొనకండి. నేను కొని చూశాను.

నాది విజయవాడ, ఆర్కెస్ట్రాలో కీబోర్డు. ఒక దసరాకి తొమ్మిది రాత్రులూ ప్రోగ్రాములే, ఒకరోజు పటమట, ఇంకోరోజు సత్యనారాయణపురం. పదో రోజు పొద్దున కాఫీ గ్లాసు ఎత్తలేకపోయాను. పియానో లాంటి కీస్ అయితే చేతికి మంచిదని ఎవరో అంటే అప్పు చేసి 88 కీలది తెచ్చాను. వేళ్లకి కొంచెం హాయిగానే ఉంది. కానీ దాన్ని ఆటోలోంచి దించి, మేడ మెట్లెక్కించి, మళ్లీ దించి... మణికట్టు ఇంకా పాడైంది. రోలాండ్ కంపెనీ జూనో డీఎస్ కీబోర్డులు చూడండి: అదే సిరీస్‌లో 61 కీలది 5.3 కిలోలు, 88 కీలది 16.2 కిలోలు. కేసు బరువు వేరే. ఈ లెక్క కొనేముందు ఎవరికీ గుర్తురాదు.

ఇక కీస్ సంగతి. మామూలు సింథ్ కీ కింద స్ప్రింగ్ ఉంటుంది. తేలిగ్గానే దిగుతుంది, కానీ కొంచెం గట్టిగా కొడితే అడుగున బల్లమీద వేలు గుద్దుకున్నట్టే. వెయిటెడ్ కీకి లోపల చిన్న సుత్తి ఉంటుంది. మొదట బరువుగా అనిపించినా తర్వాత ఆ బరువే వేలిని తీసుకెళ్తుంది. మెలోడీ పాటలకి బాగుంటుంది. స్పీడు బిట్లు గంటసేపు వాయిస్తే మాత్రం ముంజేయి పట్టేస్తుంది. కాబట్టి మెత్తనైతే నొప్పి రాదు, బరువైతే వస్తుంది అని తేల్చెయ్యలేం.

నాకు అసలు విషయం చెప్పింది మా నాన్న. ఆయన తెనాలి వైపు పద్యనాటకాలకి కాలితో తొక్కే హార్మోనియం వాయించేవారు. నా వాయింపు చూసి, కీలని మెట్లంటారాయన, "మెట్లని అలా కొడతావేంట్రా, సౌండు కాలు ఇస్తుంది, వేలు కాదు" అన్నారు. సింథ్‌కి కాలు లేదనుకోండి, కానీ మాట కరెక్టే. కీ ఎంత వేగంగా దిగిందో చూసి సౌండు సైజు తేలుస్తుంది మెషిను. అడుగుకి చేరాక ఎంత నొక్కినా ఆ నోటు పెద్దదవదు. ఆఫ్టర్‌టచ్ (అడుగున నొక్కే బలాన్ని కూడా పట్టుకునే ఏర్పాటు) ఉన్నవాటిలో తప్ప ఆ బలమంతా వృథా.

మరి నేనెందుకు కొట్టేవాణ్ణి? పక్కన డ్రమ్స్, ప్యాడ్స్. నా సౌండు నాకు వినపడేది కాదు, అందుకు. ఒక ఇయర్‌ఫోన్ పెట్టుకుని నా లైను విడిగా వినడం మొదలుపెట్టాక సగం నొప్పి తగ్గింది. మీ చర్చిలో మానిటర్ స్పీకరు మీవైపు తిరిగి ఉందో లేదో ముందు చూడండి. తర్వాత మెనూలో టచ్ సెట్టింగ్ సాఫ్ట్‌కి మార్చండి, కొన్నిటిలో లైట్ అని ఉంటుంది. తేలిగ్గా తాకినా పెద్ద సౌండు వస్తుంది. పైసా ఖర్చు లేదు.

బొటనవేలు అన్నారు కాబట్టి ఇంకొకటి. కుడిచేత్తో ఆక్టేవ్‌లు (కింది స, పై స ఒకేసారి) పట్టే అలవాటుందా? మామూలు కీస్ మీద ఆక్టేవ్ అంటే దాదాపు 165 మిల్లీమీటర్లు, చిన్న చేతికి అది శిక్షే. ఒక్క నోటే వాయించి, రెండు సౌండ్లు కలిపి మోగించే లేయర్‌లో రెండో టోన్‌ని ఆక్టేవ్ కిందికి పెట్టుకోండి. వినేవాళ్లకి తేడా తెలియదు. స్టాండు మోచేతి ఎత్తుకి రావాలి. మణికట్టు పైకి విరిగినట్టు ఉంటే ఏ కీబోర్డైనా నొప్పే.

ఇవన్నీ చేశాకా కొత్తది కావాలనిపిస్తే షాపులో రెండు నిమిషాలు కాదు, ఇరవై నిమిషాలు వాయించండి. షాపాయన మొహం చూడకండి. తెల్ల కీ అంచున నొక్కండి, తర్వాత నల్ల కీల మధ్య లోపలికి వెళ్లి నొక్కండి. లోపల బాగా గట్టిగా తగిలితే, బయటికి కనపడకుండా లోపలున్న కీ భాగం పొట్టిదని అర్థం. బొటనవేలు నల్ల కీల మధ్యకి వెళ్లే కార్డ్స్ (మూడు నాలుగు కీలు కలిపి పట్టేవి) అన్నీ అప్పుడు చేతిని తినేస్తాయి.

డాక్టర్ దగ్గరికి మాత్రం వెళ్లండి. స్ప్రే కొట్టుకుని వాయించి నేను ఏడాది పోగొట్టుకున్నాను. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే అది మణికట్టులో నరం నొక్కుకోవడం కావచ్చు. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకి ఆ బెడద ఎక్కువ. నాకు నరాల టెస్టుతోపాటు షుగర్ టెస్టు కూడా రాశారు, అదీ బయటపడింది.

ఆ 88 కీలది ఇప్పుడు ఇంట్లోనే, కదపను. ప్రోగ్రాములకి పాత 61 కీలదే. మీకు నొప్పి వాయించేటప్పుడేనా, రాత్రి నిద్రలో కూడా లేపుతోందా? అది రాయండి.