పెద్ద మాటలూ చిన్న మాటలూ

అమ్మలూ,

పెద్ద పరీక్షకి కట్టావనీ, ఇంగ్లీషు మాటలు రాత్రీ పగలూ బట్టీ పడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం వేసింది, వెంటనే టెన్షనూ పట్టుకుంది. ‘ముఖ్యం’ అనే అర్థం వచ్చేవన్నీ ఒక పేజీలో, ‘అల్పం’ అనే అర్థం వచ్చేవన్నీ ఇంకో పేజీలో రాసుకున్నావట. ఆ పేజీలంటేనే నాకు భయం.

కార్డులు రాసుకో, రోజూ తిరగెయ్యి. ఇది నీకు ఎవరైనా చెప్తారు.

ఒక పేజీలో ఉన్నంత మాత్రాన అవన్నీ ఒకటి కావు. వైటల్ అన్న మాట లాటిన్‌లో ప్రాణం అనే మాట నుంచి వచ్చింది, అది లేకపోతే బతకడం కష్టం అన్నచోట పడుతుంది. క్రూషియల్ అంటే ఇటో అటో తేలిపోయే ఘట్టం. సిగ్నిఫికెంట్ దగ్గర మాత్రం ఆగు. గణాంకాల్లో ఆ మాటకి ‘పెద్దది’ అని అర్థం లేదు, ఆ తేడా కేవలం కాకతాళీయంగా వచ్చినట్టు లేదని చెప్పడమే. శాంపిల్, అంటే లెక్కకి తీసుకున్న నమూనా, బాగా పెద్దదైతే వెంట్రుకవాసి తేడా కూడా సిగ్నిఫికెంట్ అయిపోతుంది.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు నా పక్క సీటాయన ఒక రిపోర్టు రాశాడు. లెక్కల్లో తేడా వచ్చింది, పట్టించుకోవలసినంత లేదు. నెగ్లిజిబుల్ అని రాయాలి. ఆయన నెగ్లిజెంట్ అని రాశాడు. మొదటిది ‘వదిలేయొచ్చు’ అని, రెండోది ‘అజాగ్రత్త’ అని. పైఅధికారి చదివి, ‘ఎవరి అజాగ్రత్త?’ అని అడిగాడు. అంతే, ఆ లెక్కలు వేసిన కుర్రాణ్ణి పిలిచి సంజాయిషీ రాయమన్నారు. పాపం, వాడి లెక్క నిజానికి బాగానే ఉంది. పక్క సీటాయన చెప్పుకునేలోపు కాగితం రెండు బల్లలు దాటిపోయింది. ఒకసారి ఫైల్లో పడ్డ మాటని వెనక్కి తియ్యడం ఎంత కష్టమో అప్పుడు చూశాను. ఆ కుర్రాడు తర్వాత చాలా రోజులు మాతో కలిసి భోజనానికి కూర్చోలేదు. తప్పు రాసింది పెద్దవాడు, ముఖం చిన్నబుచ్చుకున్నది చిన్నవాడు. అందుకే చెప్తున్నా, ఒకేలా వినిపించే మాటల్ని పక్కపక్కన పెట్టి చదువు. మొమెంటస్ చరిత్రలో నిలిచేది, మొమెంటరీ క్షణంలో పోయేది. ఇన్వాల్యుబుల్ అంటే వెల కట్టలేనంత విలువైనది. ముందున్న ‘ఇన్’ చూసి విలువలేనిది అనుకునేవు, తల్లీ.

ఇంకోటి. నీ నోటి దురుసు నాకు తెలుసు. పెటీ క్యాష్ అంటే చిల్లర ఖర్చుల డబ్బు, ఎవరికీ బాధ లేదు. అదే పెటీని మనిషికి తగిలిస్తే అల్పబుద్ధి అని తిట్టినట్టు. ఎవరైనా నీకు కష్టం చెప్పుకుంటే అది ట్రివియల్, అంటే అల్పమైనది, అనకు. పరీక్షలో తప్పు రాస్తే మార్కులే పోతాయి.

నీ పేజీలు రెండూ నాకు పంపు. తికమక పెట్టే జంటల కింద ఎర్ర గీత గీసి పంపిస్తాను. రాత్రి మరీ ఆలస్యం చెయ్యకు, నీకు నిద్ర తగ్గితే మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

మీ బాబాయి