అయిదింటికే లేవాలన్న పంతం దేనికి?

ప్రశ్న: యోగా తరగతికి వెళ్లినన్నాళ్లు బాగానే చేస్తాను. తరగతి ఆగితే నా సాధనా ఆగిపోతుంది. ఇంట్లో తెల్లవారుజామున అయిదింటికి లేచి గంటసేపు చేయాలని మొదలుపెడతాను. వారం గడవడం కష్టం. ఒక్కరోజు తప్పిందా, ఇక ఆ చాప వైపు చూడబుద్ధి కాదు. ఏటా ఇదే తంతు. నాకు పట్టుదల లేదేమో. వదిలేయమంటారా?
– ఒక ఉద్యోగిని, 43 ఏళ్లు

జవాబు: పట్టుదల లేనివాళ్లు ఏటా మళ్లీ మొదలుపెట్టరమ్మా. ఒకసారి మానేసి హాయిగా ఉంటారు. మీరు అయిదింటికే లేవడం, గంటసేపు చేయడం, ఒక్కరోజూ తప్పకపోవడం అనే మూడు బరువుల్ని ఒకే ఉదయం నెత్తికెత్తుకున్నారు. వాటిలో ఏ ఒక్కటి జారినా మొత్తం పోయినట్టు లెక్క వేసుకుంటున్నారు.

15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో యోగాన్ని పాడుచేసేవి ఆరు అని ఒక శ్లోకం ఉంది. అతిగా తినడం, శక్తికి మించి శ్రమపడటం, వాగుడు, నియమాల మీద మొండి పట్టు, జనంతో మితిమీరిన సాంగత్యం, నిలకడలేనితనం. నియమాల పట్టుకు వ్యాఖ్యాత బ్రహ్మానందుడు ఇచ్చిన ఉదాహరణల్లో పొద్దున్నే చన్నీళ్ల స్నానం కూడా ఉంది! ఈ ఆరింటిలో బద్ధకం లేదు. యోగసూత్రాలు రాసిన పతంజలి చెప్పిన తొమ్మిది అంతరాయాల్లో, అంటే సాధనకు అడ్డంకుల్లో, ఉందనుకోండి, కాదనను. కానీ మీ ఉత్తరంలో నాకు బద్ధకం కనిపించలేదు. రెండోదీ నాలుగోదీ మాత్రం స్పష్టంగా కనిపించాయి.

ముందు వేళ సంగతి తేల్చేద్దాం. ఉదయమే చేయాలని పట్టుబట్టకండి. నిద్ర లేచిన వెంటనే ఒళ్లు బిగుసుకుని ఉంటుంది, సాయంత్రానికి సడలుతుంది. ముందుకు వంగే ఆసనాలు చాలామందికి సాయంత్రమే సులువుగా వస్తాయి. కడుపు నిండా తిన్న తర్వాత మూడు, నాలుగు గంటల వ్యవధి ఉంటే చాలు. మీరు ఎలాగూ రోజూ చేసే పని ఒకదాన్ని పట్టుకోండి. ఆఫీసు నుంచి వచ్చి బట్టలు మార్చుకుంటారు కదా, ఆ తర్వాత కుర్చీలో కూర్చోకుండా నేరుగా చాప మీదికి వెళ్లండి. కూర్చున్నారంటే లేవరు, అది నాకూ తెలుసు, మీకూ తెలుసు.

ఇక అసలు చిక్కు. తరగతిలో ఏం చేయాలో టీచరు చెబుతారు, మీరు చేస్తారు. ఇంట్లో చాప పరిచాక ‘ఈరోజు ఏం చేద్దాం?’ అన్న ఆలోచన దగ్గరే సగం ఓపిక అయిపోతుంది. అందుకే ముందే తేల్చి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. తాడాసనం (నిటారుగా నిలబడటం), మార్జాలాసనం (పిల్లిలా వెన్ను వంచడం), అధోముఖ శ్వానాసనం (చేతులు, పాదాలు నేలకు ఆనించి నడుము పైకెత్తడం), పశ్చిమోత్తానాసనం (కాళ్లు చాపి ముందుకు వంగడం), చివర శవాసనం (వెల్లకిలా కదలకుండా పడుకోవడం). పదిహేను నిమిషాల పని. నెలపాటు ఇవే, ఇదే వరుసలో. విసుగొస్తే రానివ్వండి. కొత్త ఆసనం చేర్చాలన్న సరదాను ఆ నెల పక్కన పెట్టండి.

ఒకే ఆసనాన్ని రోజూ చేస్తే ఏం తెలుస్తుందో పశ్చిమోత్తానాసనంలో చూడండి. కాళ్లు చాపి కూర్చోగానే నడుము వెనక్కి వాలిపోతోందా? అంటే తొడల వెనక కండరాలు కటిని వెనక్కి లాగుతున్నాయి. అలాగే వంగితే వంగేది వెన్ను మాత్రమే, కటి కదలదు. దుప్పటిని గట్టిగా మడిచి దాని అంచు మీద కూర్చోండి, మోకాళ్లు కాస్త వంచండి. ఇప్పుడు బొడ్డు తొడల వైపు కదిలేలా, తుంటి కీలు దగ్గర నుంచి వంగండి. చేతులు పిక్కల దాకా వెళితే చాలు. తల మోకాళ్లకు తాకాలని ఎవరూ పందెం కాయలేదు. అక్కడ ఆగి ఊపిరిని గమనించండి. నిశ్శబ్దంగా సాగుతుంటే ఆ వంపు మీకు సరైనదే. బిగపట్టారని తెలిసిన క్షణాన కొంచెం వెనక్కి రండి. తరగతిలో పక్కవాళ్లను చూస్తూ చేసినప్పుడు ఈ సంగతి తెలియదు.

శవాసనాన్ని మాత్రం కోయకండి. టైము లేదని అందరూ మొదట ఎగ్గొట్టేది దాన్నే.

రోజు తప్పితే? మర్నాడు మామూలుగా చేయండి. తప్పిన రోజుకు వడ్డీ కడుతున్నట్టు రెట్టింపు చేయవద్దు. ఒంట్లో బాగాలేని రోజున, అలసిపోయిన రోజున శవాసనం ఒక్కటే వేసి లేచినా సాధన జరిగినట్టే. చాలాకాలం, ఎడతెగకుండా, శ్రద్ధగా చేసినప్పుడే అభ్యాసం గట్టిపడుతుందన్నాడు పతంజలి. రోజుకు ఎంతసేపన్నది ఆ సూత్రంలో లేదు.

ప్రశ్న: ఎంత ప్రయత్నించినా పద్మాసనం రావడం లేదు. పాదాన్ని తొడ మీదికి లాగితే మోకాలి లోపలివైపు నొప్పి. కొన్నాళ్లు ఓర్చుకుంటే వస్తుందంటున్నారు. నిజమేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, 61 ఏళ్లు

జవాబు: ఓర్చుకోకండి మాస్టారూ. ఈరోజే ఆపేయండి. పద్మాసనంలో తిరగాల్సింది తుంటి కీలు. తొడ ఎముక అక్కడ బయటికి తిరిగితేనే పాదం పైకి వస్తుంది. మోకాలు ప్రధానంగా ముడుచుకుని చాచుకునే కీలు, మెలిక తిరగడం దానికి కొద్దిగానే సాధ్యం. తుంటి తిరగనప్పుడు మీరు చీలమండ పట్టుకుని లాగితే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది, లోపలి మృదులాస్థి నలుగుతుంది. పైగా తుంటి గుంట ఆకారం అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి ఎన్నేళ్లు చేసినా పద్మాసనం రాదు, వాళ్ల సాధనకు దానివల్ల ఏ లోటూ లేదు.

మందంగా మడిచిన దుప్పటి మీద సుఖాసనంలో కూర్చోండి. మోకాళ్లు తుంటి కన్నా కిందికి ఉండేంత ఎత్తు కావాలి. అదీ కుదరకపోతే పాదాలు నేలకు ఆనించి కుర్చీలో కూర్చోండి. స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనమని పతంజలి చెప్పాడు, కాళ్లు ఎలా మడవాలో ఆ సూత్రంలో చెప్పలేదు. ఆపాక కూడా నొప్పి తగ్గకపోయినా, వాపు ఉన్నా ఎముకల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: ఫోనులో వీడియోలు చూస్తూ యోగా చేయవచ్చా?
– ఒక విద్యార్థి

జవాబు: చూడండి, కానీ చూస్తూ చేయకండి. అధోముఖ శ్వానాసనంలో తల వేలాడుతూ మెడ వదులుగా ఉండాలి. మీరేమో ఫోను కోసం మెడ పక్కకు తిప్పి పైకి ఎత్తుతారు. ముందు కూర్చుని వీడియో పూర్తిగా చూసి, ఫోను పక్క గదిలో పెట్టి చేయండి. సందేహం వస్తే ఆసనం దిగాక వెళ్లి మళ్లీ చూడండి. శీర్షాసనం, సర్వాంగాసనం మాత్రం వీడియోలో నేర్చుకునేవి కావు. పక్కన మనిషి ఉండి చూస్తూ సరిదిద్దాలి. అధిక రక్తపోటు, గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లు వాటి జోలికే వెళ్లకూడదు.